కేళాకూళికి ఎండ

ప్రబంధాలు చదివినవారికి జలక్రీడావర్ణన కొత్త కాదు. దండి తన కావ్యాదర్శంలో మహాకావ్యానికి ఉండవలసిన వర్ణనలు చెబుతూ సూర్యోదయాన్నీ, సలిలక్రీడనూ ఒకే పట్టికలో చేర్చాడు. ఆ క్రీడ జరిగే తావుకు మన తెలుగులో కేళాకూళి అని ఒక అందమైన మాట ఉంది. విలాసం కోసం కట్టించుకున్న కొలను అని దానికర్థం. అందులో నీళ్ళు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా అన్న ప్రశ్నకు మన ఎండల్లో తావు తక్కువ. చలిదేశాల్లో అలా కాదు. అక్కడ కొలను తవ్వడం సులువు, నింపడం సులువు. ఏడాదిలో నాలుగు నెలలైనా అందులో దిగగలగడమే కష్టం. అందుచేత ఇంటి కొలను చరిత్రలో సగం దాన్ని వెచ్చబెట్టిన చరిత్రే. ఆ పనిలో సూర్యుడికి దక్కిన పాత్ర ఎంత, ఆ పాత్ర గురించి మనుషులు న్యాయస్థానాలకెక్కిన వైనమేమిటి అన్నది ఈ టపాలో మనవి చేయదలచుకున్నాను.

క్రీస్తుశకం మొదటి శతాబ్ది చివర రోమునగరంలో చిన్న ప్లినీ అనే న్యాయవాది ఉండేవాడు. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రాణం కోల్పోయిన పెద్ద ప్లినీకి ఈయన మేనల్లుడు. రోముకు పదిహేడు మైళ్ళ దూరంలో, లారెంటమ్ అనే చోట, సముద్రపుటొడ్డున ఈయనకొక తోటబంగళా ఉండేది. గాలుస్ అనే మిత్రుడికి రాసిన లేఖలో ఆ ఇంటిని గది గదిగా వర్ణించాడు. అందులో రెండు సంగతులు మనకు కావాలి. మొదటిది, స్నానశాలను ఆనుకొని ఉన్న వెచ్చని నీటి కొలను. అందులో ఈదుతూనే సముద్రాన్ని చూడవచ్చునట. రెండవది, తోటలో ఆయన ఇష్టపడి తానే కట్టించుకున్న విడిదిలోని హీలియోకామినుస్ అనే గది. దానికి ఒకవైపు తోట, మరొకవైపు సముద్రం, రెండువైపులా ఎండ.

భాషాపండితుడికి మాట కనిపిస్తే ఊరుకోబుద్ధి కాదు గదా! హీలియోస్ అంటే గ్రీకులో సూర్యుడు. మన సంస్కృతంలోని స్వర్, సూర్య శబ్దాలకు అది దాయాది. మూడూ ఒకే మూలధాతువు సంతానం. కామినుస్ అంటే కొలిమి. ఇంగ్లీషువారి చిమ్నీ దాని మనుమరాలు. రెండూ కలిపితే ‘ఎండకొలిమి’ అవుతుంది. కొలనుకు ప్లినీ వాడిన మాట పిస్కీనా. అసలర్థం చేపల చెరువు. ఫ్రెంచివారు ఈనాటికీ ఈతకొలనును ఆ మాటతోనే పిలుస్తారు. చేపల చెరువు మనుషుల చెరువు ఎప్పుడైందో గాని, పేరు మాత్రం మారలేదు.

ప్లినీ కొలనును కాచింది ఎండ కాదనే చెప్పాలి. స్నానశాల పక్కన కొలిమిగదులున్నట్టు అదే లేఖ చెబుతోంది కనుక కట్టెలే కాచి ఉంటాయి. ఎండ వెచ్చబెట్టింది గదిని. రోమన్లకు కిటికీ గాజు అప్పటికి ఇంకా కొత్త వస్తువు. తన జ్ఞాపకంలోనే వచ్చిందని సెనెకా రాశాడు. వాస్తుశాస్త్రం రాసిన విత్రూవియస్ స్నానశాలల వేడిగదులకు వెలుతురు శీతకాలపు సూర్యుడు అస్తమించే దిక్కు నుంచి, అంటే నైరృతి నుంచి, రావాలన్నాడు. వాళ్ళు స్నానానికి వెళ్ళేది మధ్యాహ్నం తర్వాత గనుక ఆ వేళకు ఎండ లోపలికి రావాలని ఆయన లెక్క. మన వాస్తుపండితులు దిక్కులకు దేవతలను చెబితే ఈయన గడియారం చెప్పాడు.

ఎండ ఎప్పుడైతే ఇంటికి పనికొచ్చే వస్తువైందో, అప్పుడే దానికి తగాదా కూడా పుట్టింది. మూడవ శతాబ్ది తొలినాళ్ళలో ఉల్పియాన్ అనే ధర్మవేత్త ఇచ్చిన ఒక వ్యాఖ్యను జస్టీనియన్ చక్రవర్తి 533లో కూర్పించిన ధర్మసంహితలో భద్రపరిచారు. ఒకరి వెలుతురుకు అడ్డుపడనని కట్టుబడినవాడు అక్కడ చెట్టు నాటితే ఏమిటన్నది ప్రశ్న. వెలుతురు తగ్గకపోయినా ఎండ మాత్రమే పోతే? ఎండ అక్కరలేని గది అయితే అభ్యంతరం లేదు. ఎండకొలిమి గదిలోనో, ఎండ కాచుకునే డాబా మీదనో నీడ పడితే మాత్రం, ఎండ తప్పనిసరి అయిన చోట నీడ చేసినట్టే గనుక, అది కట్టుబాటుకు విరుద్ధం. వెలుతురు వేరు, ఎండ వేరు అన్న వివేకాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన వాక్యం పాత ధర్మశాస్త్రాల్లో నాకు మరొకటి ఎదురుపడలేదు. ఈ చెట్టును చదువరులు గుర్తుంచుకోవాలని మనవి. ఇంకో పద్దెనిమిది వందల ఏళ్ళకు ఇది మళ్ళీ మొలుస్తుంది.

రోము పోయింది, గాజుగదులూ చాలాకాలం మరుగున పడ్డాయి. ఎండను బంధించవచ్చునని లెక్కకట్టి చూసినవాడు జెనీవా పండితుడు సొస్యూర్. 1767లో ఆయన ఐదు గాజుపెట్టెలను ఒకదానిలో ఒకటి బోర్లించి, నల్లని బల్ల మీద ఎండలో ఉంచి, ఉష్ణమాపకాలు పెట్టాడు. అన్నిటికన్న లోపలి పెట్టెలో వేడి సుమారు 88 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరింది. తర్వాత చెక్కపెట్టెకు లోపల నల్లని బెండు అతికించి, పైన మూడు గాజుపలకలు మూసి చూస్తే నీరు మరిగే వేడిని కూడా దాటిపోయింది. ఆల్ప్స్ పర్వతాల్లో క్రమోం శిఖరానికి కూడా ఆ పెట్టెను మోసుకుపోయాడు. పైన గాలి ఎంతో చల్లగా ఉన్నా పెట్టెలో వేడి దాదాపు అంతే! వేడి గాలిది కాదు, గాజు దాటి వచ్చిన కిరణానిదని తేలిపోయింది. వెలుతురు గాజులోంచి వస్తుంది, నల్లని వస్తువు దాన్ని తాగి వేడెక్కుతుంది, ఆ వేడిని గాజు తిరిగి పోనివ్వదు. ఈనాటి మేడల మీది గాజుపలకల హీటర్లన్నీ ఆ పెట్టె పిల్లలే.

మన దేశపు ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు ఉద్యోగి చాలా అద్దాలు అర్ధచంద్రాకారంగా పేర్చి, వాటి ఎండను ఒక బాయిలరు మీదికి తిప్పి, రెండున్నర గుర్రాల బలం గల ఆవిరి పంపును నడిపించాడు. ఉష్ణదేశాల్లో సూర్యతాపమే వంటచెరకుకు ప్రత్యామ్నాయమని 1878లో పుస్తకం కూడా ప్రకటించాడు. బొగ్గు చౌకగా దొరికిన కాలంలో ఆ మాట విన్నవారు లేరు. ఎండతో నీళ్ళు తోడడమన్న ఊహ అప్పటికే కొలాబాలో పుట్టి, అక్కడే ఆగిపోయింది.

ఇంటి అవసరాలకు ఎండను అమ్మకానికి పెట్టిన ఘనత అమెరికావారిది. బాల్టిమోరు నగరంలో క్లారెన్స్ కెంప్ 1891లో క్లైమాక్స్ అనే హీటరుకు పేటెంటు పొందాడు. నల్లరంగు పూసిన ఇనుపతొట్లను గాజుమూత ఉన్న చెక్కపెట్టెలో అమర్చడం, అంతే. బొగ్గు ఖరీదెక్కువైన కాలిఫోర్నియాలో అది బాగా చెల్లింది. 1897 నాటికి పాసడీనా ఊళ్ళో నూటికి ముప్పై ఇళ్ళలో స్నానాలకు ఎండ నీళ్ళే. చిక్కల్లా రాత్రి. పొద్దు గుంకితే తొట్టి చల్లబడిపోయేది. 1909లో విలియం బెయిలీ వేడెక్కే గొట్టాలను కింద, నీళ్ళ తొట్టిని మందపాటి కప్పుతో ఇంటి లోపల పైన పెట్టి ఆ చిక్కు తీర్చాడు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లని నీరు బరువై కిందికి దిగుతుంది, పంపు అక్కరలేదు. రాత్రి కూడా వేణ్ణీళ్ళు ఉంటాయి గనుక దానికి ‘పగలూ రేయీ’ అని పేరు పెట్టుకున్నాడు. 1913 జనవరిలో ఎన్నడూ ఎరుగని చలి వచ్చి గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగిలిపోతే, గొట్టాల్లో మద్యసారం కలిపిన నీటిని తిప్పి, ఆ వేడిని తొట్టిలోని నీటికి అందించే ఉపాయం కనిపెట్టాడు.

మరి ఇంత చక్కని వస్తువు ఏమైపోయింది? 1920 దశకంలో లాస్ ఏంజలెస్ పరిసరాల్లో సహజవాయువు విరివిగా దొరికింది. గ్యాసు కంపెనీలు గొట్టం ఇంటిదాకా తెచ్చి కలిపాయి. బెయిలీ తానే గ్యాసు హీటర్లు చేయడం మొదలుపెట్టాడు! ఆయన పేటెంటు హక్కులు ఫ్లోరిడాకు తరలిపోయి, 1941 నాటికి మయామీ నగరంలో సగానికి పైగా ఇళ్ళ కప్పుల మీద ఎండ హీటర్లు వెలిశాయి. యుద్ధంలో రాగి మీద ఆంక్షలు, యుద్ధం తర్వాత చౌక కరెంటు, ఆ పైన తుప్పు పట్టి పగిలే తొట్లు. ఆ వైభవం కూడా అలాగే అస్తమించింది. ఎండ హీటరు పనిచేయక పోలేదు. పక్కవాడు ధర తగ్గించినందున పోయింది. ఒకటికి రెండుసార్లు జరిగిన ఈ కథ మరిచిపోయి, 1970లలో ఎండను కొత్తగా కనిపెట్టినట్టు రాసిన పత్రికలను చూస్తే నాకు జాలి కలుగుతుంది.

ఆ మయామీలోనే మన రెండవ తగాదా జరిగింది. సముద్రతీరాన ఫౌంటెన్‌బ్లూ, ఈడెన్‌రాక్ అని రెండు పెద్ద హోటళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. రెంటికీ ఒకడే స్థపతి. ఫౌంటెన్‌బ్లూవారు పద్నాలుగు అంతస్తుల కొత్త కట్టడం తలపెట్టారు. అది పూర్తయితే చలికాలంలో, అంటే యాత్రికులు ఎండ కోసమే అక్కడికి వచ్చే రుతువులో, మధ్యాహ్నం రెండు గంటలు మొదలుకొని పొరుగు హోటలు ఈతకొలను మీద నీడ పరచుకుంటుంది. ఈడెన్‌రాక్‌వారు దావా వేశారు. కింది కోర్టు కట్టడం ఆపమంది. 1959లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పొరుగువాడి స్థలం మీదుగా వచ్చే ఎండ మీద ఎవరికీ హక్కు లేదు, ప్రయోజనమున్న కట్టడమైతే అందులో కక్ష కూడా కొంత ఉన్నా నిలిపివేయడానికి వీలులేదు అని తీర్పు. ఇంగ్లండులో చిరకాలం అనుభవించిన వెలుతురుకు హక్కుంది. ఆ న్యాయం అమెరికాలో చెల్లదన్నారు. ఉల్పియాన్‌కు ఎండకొలిమి గది కనిపించింది. ఈ న్యాయమూర్తులకు కొలను కనిపించలేదు. అయితే ఇక్కడొక భేదం చెప్పాలి. ఉల్పియాన్ చెప్పిన తగాదాలో కట్టుబాటు ముందే ఉంది, అది అతిక్రమించారా లేదా అన్నదే విచారణ. మయామీలో కట్టుబాటే లేదు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులు బిగించాక కథ మలుపు తిరిగింది. అప్పటికి కాలిఫోర్నియా పెరళ్ళలో కొలనులు మామూలైపోయాయి. వాటిని కాచేది గ్యాసు. వంటకూ ఇంటి వెచ్చదనానికీ ఇంధనం కరువైన రోజుల్లో ఈతకు గ్యాసు మండించడం నలుగురి కంటా పడింది. అదృష్టవశాత్తు పరికరం అప్పటికే సిద్ధంగా ఉంది. 1969లో మొదలైన ఫాఫ్కో వంటి సంస్థలు గాజు లేకుండా, రాగి లేకుండా, ఒట్టి నల్లని ప్లాస్టిక్కుతోనే కొలను హీటర్లు చేయసాగాయి.

గాజు ఎందుకు అక్కరలేదో సొస్యూర్ పెట్టెతో పోల్చి చూస్తే తెలుస్తుంది. వేడి పోకుండా గాజు కాపాడుతుంది, నిజమే. కాని వచ్చే ఎండలో కొంత భాగాన్ని తానే తిప్పికొడుతుంది. స్నానపు నీరు 60 డిగ్రీలకు ఎక్కాలి గనుక అక్కడ కాపలా కావాలి. ఈతకు 27, 28 డిగ్రీలు చాలు. బయటి గాలికీ నీటికీ తేడా పెద్దగా లేనప్పుడు వేడి పారిపోవడమూ తక్కువే, ఇక కాపలా ఎందుకు? చౌక వస్తువే ఇక్కడ మేలైన వస్తువైంది. ఇలాంటివి లోకంలో అరుదు.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో కొన్న ఇంటి పెరట్లో కొలను ఉంది. ఇంటి కప్పు మీద, వడియాలు పెట్టడానికి పరచిన చాపల్లాంటివి నల్లగా కనబడితే ఏమిటని అడిగాను. “అవి కొలను సోలారు చాపలండీ మావయ్యగారూ” అంది కోడలు. ఒక్కొక్క చాప సన్నని గొట్టాల వరుస. కొలను నీటిని వడపోసే పంపే దాన్ని కప్పు మీదికి కూడా తోస్తుంది. కప్పు మీద ఒక సెన్సరు, నీటి గొట్టంలో ఒక సెన్సరు ఉంటాయి. కప్పు వేడిగా ఉంటే వాల్వు తిరిగి నీరు చాపల్లోకి పోతుంది, లేకపోతే తిన్నగా కొలనుకే. పంపు ఆగితే చాపల్లోని నీరు కిందికి జారిపోతుంది గనుక చలికి గడ్డకట్టి పగిలే బెయిలీ బెడద లేదు. ఎండలు మండే ఆరిజోనా, టెక్సాస్ ప్రాంతాల్లో కొందరు ఇదే యంత్రాన్ని రాత్రిళ్ళు నడిపి, ఆకాశానికి వేడి వదిలి, కొలనును చల్లబరచుకుంటారట. విజయవాడలో ఎవరైనా ఇంటికొలను కట్టించుకుంటే వారికి కావలసింది ఈ రాత్రి సేవే.

లెక్క కూడా చూద్దాం. 32 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, సగటున 5 అడుగుల లోతు ఉన్న కొలనులో సుమారు 72,000 లీటర్ల నీరు పడుతుంది. దాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 84 యూనిట్ల శక్తి కావాలి. కొలను వైశాల్యంలో కనీసం సగమైనా చాపలుండాలని ఆ దేశపు నియమం. అంటే ఇక్కడ 256 చదరపు అడుగులు. మంచి ఎండ కాసిన రోజున అవి ఇంచుమించు ఒక డిగ్రీకి సరిపడే వేడిని ఇస్తాయి. ఏప్రిల్లో మొదలుపెడితే వారం పది రోజులకు గాని నీరు ఈతకు రాదు. గ్యాసు హీటరు తొందరపడుతుంది, ఇది నిదానస్తురాలు.

సంపాదించిన వేడి నిలవాలంటే మాత్రం కప్పు కావాలి. కొలను పోగొట్టుకునే వేడిలో సుమారు 70 శాతం ఆవిరి రూపంలోనే పోతుంది. ఒక లీటరు నీరు ఆవిరై పోయిందంటే, పోతూ పోతూ 580 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచి పోతుందని అర్థం. బుడగలున్న నీలి ప్లాస్టిక్కు దుప్పటి ఒకటి రాత్రిపూట కప్పితే ఆ నష్టంలో పెద్ద పాలు ఆగుతుంది, నీరూ మిగులుతుంది. కప్పు మీది చాపలకు వేల డాలర్లు పెట్టి, వంద డాలర్ల దుప్పటి కప్పడానికి బద్ధకించే ఇళ్ళు చాలానే ఉన్నాయి. మా అబ్బాయి ఇంటి పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఇక్కడ చెప్పను.

ఇక పంపు సంగతి. కొలనుకు వేడి ఋతుధర్మం గాని వడపోత నిత్యకృత్యం. నీరు కదలకపోతే నాచు పడుతుంది. వెనుకటి పంపులు ఒకే వేగంతో గంటల తరబడి తిరిగి కరెంటు మింగేవి. వేగం సగం చేస్తే పంపు తీసుకునే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నీరు సగమే పారుతుంది గనుక రెట్టింపు సేపు నడపాలి, అయినా ఖర్చు నాలుగో వంతే. ఈ సూత్రం ఇంజనీర్లకు ఎప్పటినుంచో తెలుసు. వేగం మార్చుకోగల పంపులు వచ్చాక గాని ఇంటికి రాలేదు. 2021 జులై నుంచి అమెరికాలో కొలను పంపులకు కొత్త ప్రమాణాలు అమలై, పాత ఏకవేగపు పంపులు చాలావరకు తప్పుకున్నాయి. అలా శక్తి తగ్గించుకున్న పంపును సోలారు కరెంటుతో నడపడం తేలిక. ఎండ ఉన్నప్పుడే చాపల్లోకి నీరు పోవాలి, ఎండ ఉన్నప్పుడే కరెంటూ పుడుతుంది. రెండు పనులకూ యజమాని ఒకడే.

1954లో బెల్ ప్రయోగశాలవారు చూపిన సిలికాన్ ఘటం ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చగలిగింది. నేటి పలకలు 20 శాతం దాటాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఈతపోటీలు జరిగిన కొలను కప్పు మీద సుమారు 340 కిలోవాట్ల కరెంటు పలకలూ, నీటిని కాచే ఎండ గొట్టాలూ రెండూ అమర్చారు. ఇటీవల హీట్ పంపు అనే యంత్రం వచ్చి నల్లచాపలకు పోటీ అయింది. ఒక పాలు కరెంటుకు ఐదు పాళ్ళ వరకు వేడిని గాలి నుంచి తోడిస్తుంది కనుక, కరెంటు పలక, ఈ పంపు కలిస్తే చాపకు దీటుగా నిలుస్తాయి. చవకలో చాపదే పైచేయి. చలికాలంలో, మబ్బులో, యంత్రానిది.

ప్రభుత్వాల వరస వేరు. 1978లో అమెరికా కేంద్రప్రభుత్వం ఇళ్ళ మీది ఎండ హీటర్లకు పన్ను రాయితీ ఇచ్చింది, ఈతకొలనును మినహాయించింది. 2005 చట్టంలోనూ అదే ధోరణి: స్నానానికి రాయితీ, ఈతకు లేదు. పేదవాడు కట్టిన పన్ను కలవాడి కేళాకూళికి పోకూడదన్నది అందులోని న్యాయం, దాన్ని కాదనలేం. కాని రాయితీ లేదని కలవాడు కొలను పూడ్చుకోడు, గ్యాసు మండిస్తాడు. రాయితీ ఇవ్వకుండా గ్యాసుతో కాచడాన్నే అరికట్టి ఉంటే రెండు న్యాయాలూ నెరవేరేవని నా అభిప్రాయం.

అధ్యక్షుల భవనంలోనే ఈ ఊగిసలాట కనబడుతుంది. 1933లో పోలియో బాధితుడైన రూజ్వెల్టు కోసం ఒక పత్రిక ప్రజల దగ్గర చందాలు పోగుచేసి వైట్‌హౌసులో కొలను కట్టించింది. బడిపిల్లలు కూడా కాసులు పంపారు. 1970లో నిక్సన్ దానిపై నేల పరిపించి విలేకరుల మందిరం చేశాడు. 1975లో ఫోర్డు ఆరుబయట మరొకటి తవ్వించాడు. 1979 జూన్ 20న కార్టరు భవనం కప్పు మీద 32 ఎండ పలకలు పెట్టించి, ఒక తరం గడిచాక ఇవి లోకానికి దారి చూపవచ్చు, లేదా మ్యూజియంలో వింతవస్తువు కావచ్చు అన్న అర్థం వచ్చేలా ప్రసంగించాడు. 1986లో రీగన్ హయాంలో కప్పు మరమ్మతుకని దించినవాటిని మళ్ళీ ఎక్కించలేదు. వాటిలో ఒకటి నిజంగానే మ్యూజియానికి చేరింది. 2002లో, చమురు వ్యాపారం చేసిన బుష్ గారి కాలంలో, ఏ ఆర్భాటమూ లేకుండా ఆ ఆవరణలో మళ్ళీ ఎండ హీటర్లు వెలిశాయి. వాటిలో ఒకటి ఈతకొలను కోసమే!

కాలిఫోర్నియా రాష్ట్రం 1978లోనే చెట్ల నీడకు చట్టం చేసింది. పొరుగింటి ఎండ పలకల మీద ఉదయం పదినుంచి మధ్యాహ్నం రెండు దాకా పదో వంతుకు మించి నీడ పడేలా చెట్టు పెంచితే నేరం. మన తెలుగువాళ్ళు చాలామంది కాపురముండే సన్నీవేల్ ఊళ్ళో, పేరుకే ఎండకాసే లోయ, ఒక ఇంటివారు రెడ్‌వుడ్ చెట్లు నాటారు. 2001లో పొరుగాయన కరెంటు పలకలు పెట్టాడు. చెట్లు పెరిగాయి. 2007 డిసెంబరులో రెండు చెట్ల విషయంలో నేరం రుజువైందని తీర్పు. చెట్లవారు కూడా పర్యావరణ ప్రియులే, హైబ్రిడ్ కారు నడిపేవారే. ముందు నాటిన చెట్టు నేరమెలా అవుతుందని గగ్గోలు పుట్టి, 2008లో చట్టం సవరించారు; పలకలకు ముందే ఉన్న చెట్టుకు రక్షణ వచ్చింది, నేరం పోయి ఇరుపొరుగుల వ్యాజ్యంగా మిగిలింది. ఉల్పియాన్ చెట్టు ఇదే. ఆయన అడిగింది ‘ఎండ అవసరమా’ అని. వీరు అడిగింది ‘ఎవరు ముందు’ అని. ధర్మసూక్ష్మంలో రోమువాడే నాకు నచ్చాడు.

మన సంగతి? బాలింతలకూ పసిపిల్లలకూ గంగాళంతో ఎండలో పెట్టిన నీళ్ళు పోయడం మన పెరళ్ళకు పాత అలవాటే. చట్టమూ పాతదే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదట అమలైన చోట్లలో మద్రాసు రాజధాని ఒకటి గనుక, కోస్తా, రాయలసీమల్లో తొలినుంచీ ఉన్నదే. ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా అనుభవించిన వెలుతురుకూ గాలికీ హక్కు వస్తుందని 15వ సెక్షను. ఎంత హక్కు? కిటికీ వంటి తెరపి గుండా అన్నేళ్ళూ ఎంత వస్తూ ఉందో అంత. కిటికీలోంచి వచ్చే వెలుతురు సరే, కప్పు మీద పడే ఎండ మాటేమిటి? 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ళ మీద సోలారు పలకలంటూ కేంద్రం పథకం మొదలైంది. పలకకు డబ్బిచ్చారు, పలకకు ఎండ ఇచ్చే మాట అందులో లేదు.

మా వీధిలో ఒక పెద్దమనిషి డాబా మీద పాతిక సంవత్సరాలుగా సోలారు హీటరు ఉంది. నాలుగేళ్ళ క్రితం ఆయన ఇంటికి దక్షిణాన ఐదంతస్తుల అపార్టుమెంటు లేచింది. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు గనుక ఇబ్బంది లేదు, అప్పుడు వేణ్ణీళ్ళూ అక్కరలేదు. మార్గశిర పుష్యమాసాల్లో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు. ఆ రోజుల్లో ఆ పలకల మీద నీడ మధ్యాహ్నం రెండు దాటితే గాని జరగదు. ఆయన స్నానాలగదిలో గీజరు పెట్టించుకున్నాడు. పలకలు మాత్రం విప్పించలేదు.